మొదటి డెనారియస్ కొనే ముందు

నా దగ్గరున్న మొట్టమొదటి రోమన్ వెండి నాణెం నకిలీది. ఒక నాణేల ఎగ్జిబిషన్‌లో నిజాం రూపాయల పక్కన పెట్టి, "అగస్టస్ సార్, ఒరిజినల్" అన్నాడు అమ్మేవాడు. అంత పాత రాజు నా అరచేతిలో ఉన్నాడన్న సంబరంలో బేరం కూడా సరిగ్గా ఆడలేదు. ఇంటికొచ్చి తూకం వేస్తే 5.2 గ్రాములుంది. అంచు చుట్టూ సన్నటి గీత, దాని మీద ఆకురాయితో రాసిన గుర్తులు. ఆ తూకం వేసే పని కొనకముందు చేసి ఉంటే సరిపోయేది. ఎవరైనా సలహా కోసం ఇంటికొస్తే ఇప్పటికీ ముందు దాన్నే చేతికిస్తాను.

మీరు నాలా కాకుండా సరైన వరసలో చేయండి. ముందు చదవడం నేర్చుకోండి, తర్వాత అమ్మేవాణ్ణి చూసుకోండి, నాణెం సంగతి ఆఖరున.

ఏం కొంటున్నారో తెలుసుకోండి

రోమన్ వెండి నాణెం అంటే ముఖ్యంగా డెనారియస్. మన పాత పద్యాల్లో వినిపించే దీనారం అన్న మాటకు మూలం ఇదే. కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం జరుగుతున్న రోజుల్లో, దాదాపు క్రీ.పూ. 211లో రోము దీన్ని ముద్రించడం మొదలుపెట్టింది. మొదట్లో నాలుగున్నర గ్రాములుండేది. కొన్నేళ్లకే ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేల లెక్కకు వచ్చి స్థిరపడింది. రోమన్ పౌను అంటే సుమారు 327 గ్రాములు, భాగించి చూస్తే ఒక్కోటి 3.9 గ్రాములు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి పౌనుకు 96 చేశాడు. దాంతో బరువు 3.4కి దిగింది, వెండిలో కల్తీ కూడా పెరిగింది.

ఈ మూడు అంకెలూ కంఠతా పట్టండి. సగం మోసాలు ఇక్కడే బయటపడతాయి.

అక్కడి నుంచి కథంతా కిందికే. సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి కాలానికి, అంటే 193–211 మధ్య, నాణెంలో వెండి దాదాపు సగానికి పడిపోయింది. 215లో కారకల్లా కొత్త నాణెం తెచ్చాడు. దాన్ని నాణేలు సేకరించేవాళ్లు ఆంటోనినియానస్ అంటారు. విలువ రెండు డెనారియస్‌లు, అందులో వెండి మాత్రం ఒకటిన్నరకే సరి అని చాలామంది పండితుల లెక్క. గుర్తుపట్టడం తేలిక. చక్రవర్తి తల మీద ఆకుల దండకు బదులు సూర్యకిరణాల్లాంటి మొనల కిరీటం ఉంటుంది. రాణి బొమ్మయితే భుజాల కింద నెలవంక ఉంటుంది. గాలియెనస్ పాలన ముగిసే 268 నాటికి ఇందులో వెండి నూటికి 5 పాళ్లకు లోపే. రాగి బిళ్ళకు వెండి పూత అన్నమాట. కాబట్టి 260ల నాటి నాణెం చూపించి "స్వచ్ఛమైన వెండి" అంటే నవ్వి ముందుకు కదలండి.

దీనివల్ల ఇంకో సంగతీ అర్థమవుతుంది. మీరిచ్చే డబ్బు వెండికి కాదు. మూడు గ్రాముల వెండి కంసాలి దగ్గర ఎంతకు వస్తుందో మీకు తెలుసు.

మూడు వస్తువులు కొనండి, నాణెం కాదు

ఒకటి, 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ తూకం. రెండు, 10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం, గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే లాంటిది. మూడు, మిల్లీమీటర్లు కొలిచే వెర్నియర్ కాలిపర్. ప్లాస్టిక్‌ది చాలు, లోహపుదైతే నాణేన్ని గీకుతుంది. ఈ మూడూ మన ఊళ్లోనే దొరుకుతాయి, అన్నీ కలిపినా పెద్ద ఖర్చు కాదు.

గీటురాయి మాత్రం వద్దు. తెలిసిన కంసాలే కదా అని ఇస్తే, ఆయన అలవాటు కొద్దీ అంచు రాస్తాడు. రెండు వేల ఏళ్లు బతికిన అంచు అరనిమిషంలో పోతుంది.

నాణెం చదవడం

నాకు ఈ సరదాలో అసలు మజా ఇక్కడే ఉంది. కొనడానికి ముందు కనీసం రెండు నెలలు ఈ ఒక్క పని చేయండి, పైసా ఖర్చు లేదు.

బొమ్మ వైపు చక్రవర్తి తల, చుట్టూ అక్షరాలు. బొరుసు వైపు దేవతో, జంతువో, ఓడో, ఓడిపోయిన శత్రువో. అక్షరాలు మామూలు రోమన్ లిపే కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలు వచ్చిన ఎవరైనా చదవగలరు. చిక్కు ఎక్కడంటే మాటల మధ్య ఖాళీ ఉండదు, 'యూ' ఉండాల్సిన చోట 'వీ' ఉంటుంది, మాటలన్నీ పొట్టి చేసి రాస్తారు. ఆ పొట్టి మాటలు అర డజను వస్తే బండి నడుస్తుంది.

ఐఎంపీ అంటే ఇంపెరాటోర్, సేనాధిపతి. ఏవీజీ అంటే అగస్టస్, చక్రవర్తుల బిరుదు. పీఎం అంటే ప్రధానమంత్రి కాదు, ప్రధాన పూజారి. పీపీ అంటే దేశపిత. సీఓఎస్ అంటే కాన్సుల్, రోములో అతి పెద్ద ప్రభుత్వ పదవి, దాని తర్వాతి అంకె ఎన్నోసారి అన్నది చెబుతుంది. టీఆర్‌పీ అంటే ట్రిబ్యూన్ అధికారం, అంటే ప్రజల ప్రతినిధికి ఉండే అధికారం. టీవీవాళ్ల టీఆర్‌పీ లాగే దీనికీ అంకె మారుతుంటుంది, కాకపోతే ఇది ఏడాదికోసారి.

ఆ అంకెలే మనకు క్యాలెండర్. హేడ్రియన్ చక్రవర్తి మూడోసారి కాన్సుల్ అయింది 119లో. ఆ తర్వాత చనిపోయేదాకా, అంటే 138 దాకా, మళ్లీ ఆ పదవి తీసుకోలేదు. కాబట్టి ఆయన నాణెం మీద సీఓఎస్ పక్కన మూడు గీతలుంటే 119లోదో ఆ తర్వాతదో, అంతకంటే దగ్గరగా చెప్పాలంటే బొరుసు చూడాలి. మార్కస్ ఆరీలియస్ విషయంలో పని ఇంకా తేలిక. ఆయన నాణెం మీద టీఆర్‌పీ 18 అని ఉంటే అది 163 డిసెంబరుకీ 164 డిసెంబరుకీ మధ్య కొట్టింది. అప్పుడు ఏం జరుగుతోందంటే ఆర్మేనియాలో యుద్ధం గెలిచారు, నాణెం మీద కూడా ఆర్మేనియా ఒక స్త్రీ రూపంలో దిగాలుగా నేల మీద కూర్చుని ఉంటుంది. రెండు వేళ్ల మధ్య పట్టే బిళ్ళ మీద ఏడాది, యుద్ధం, ప్రచారం మూడూ ఉన్నాయి.

అభ్యాసానికి అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీవాళ్లు నడిపే 'ఓక్రే' అనే వెబ్‌సైట్ ఉంది, ఉచితం. చక్రవర్తి పేరు, లోహం, బొరుసు మీది దేవత పేరు ఇస్తే ఆ రకం నాణేలన్నీ చూపిస్తుంది. ప్రతి రకానికీ ఆర్ఐసీ నంబరు అని ఒకటి ఉంటుంది, అంటే 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' అనే ప్రామాణిక జాబితా పుస్తకంలో దాని నంబరు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు అందరూ ఆ నంబరుతోనే మాట్లాడుకుంటారు. రోజుకొక నాణెం ఫొటో తీసుకుని, కింద వివరణ చూడకుండా మీరే చదివి, తర్వాత సరిచూసుకోండి. నెల తిరిగేసరికి ట్రాజన్ ముక్కు, నీరో మెడ చూసి పేరు చెప్పేస్తారు.

హైదరాబాద్ దరిదాపుల్లో ఉంటే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి, చెన్నైలో ఉంటే ఎగ్మూరు మ్యూజియంకి వెళ్లి నాణేల గురించి అడగండి. ఫొటోలో కనిపించని విషయం ఒకటి ఎదురుగా చూస్తేనే తెలుస్తుంది. ఇవి ఎంత చిన్నవో! అడ్డంగా 18 మిల్లీమీటర్లు, మన పాత పావలా అంత.

ఏ దారిలో వెళ్లాలి

అన్నీ కొనాలనుకుంటే ఏదీ తృప్తిగా మిగలదు. ఒక దారి పట్టుకోండి. వరసగా చక్రవర్తులందరూ అని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువ. నేనైతే వద్దంటాను. అందులో కొందరు నెలల పాటే పాలించినవాళ్లు, వాళ్ల నాణేలు మీ జేబుకి చిల్లు పెడతాయి, ఆ ఖాళీలు మీకు నిద్ర పట్టనివ్వవు. ఒక్క ఆంటోనినస్ పయస్ చక్రవర్తి నాణేల బొరుసుల మీదే పదేళ్లు గడపొచ్చు. సెప్టిమియస్ సెవెరస్ భార్య జూలియా డొమ్నా నుంచి మొదలుపెట్టి ఆ ఇంటి ఆడవాళ్లందరినీ సేకరించొచ్చు. వాళ్ల జడల అల్లికలు చూడటానికే కొనేవాళ్లున్నారు.

తెలుగువాళ్లకు సొంతమైన దారి ఒకటుంది. రోమన్లు మన మిరియాలకూ, బట్టలకూ, రాళ్లకూ ఇచ్చిన వెండి మన నేలలోనే దొరికింది. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన లంకెబిందెలో 1,500కు పైగా డెనారియస్‌లున్నాయి, అన్నీ రోము సామ్రాజ్యపు తొలి రోజులవి. దక్షిణాదిన ఎక్కడ చూసినా రెండు రకాలే ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి, అగస్టస్ మనవలు గాయస్, లూసియస్ డాళ్లు, ఈటెలు పట్టుకుని నిలబడింది. రెండోది, అగస్టస్ తర్వాతి చక్రవర్తి టైబీరియస్ తలతో, వెనక కుర్చీలో కూర్చున్న స్త్రీమూర్తితో ఉన్నది. రెండూ ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కొట్టినవే. నీరో బరువు తగ్గించాక వచ్చిన వెండి ఇక్కడ బాగా తక్కువ. మనవాళ్లు తూకం చూసే పుచ్చుకున్నారు మరి! కొన్నింటి మీద రాజు ముఖానికి అడ్డంగా ఉలి గాటు కూడా ఉంటుంది. చెలామణీలోంచి తప్పించడానికని కొందరు, లోపల రాగి ఉందేమో చూడ్డానికని కొందరు అంటారు.

ఈ రెండు రకాలూ మీ పెట్టెలో ఉంటే బాగుంటుంది. కానీ యూరప్ మార్కెట్లో పాత బిల్లుతో వచ్చినవే కొనండి. "మా పొలంలో దొరికింది సార్" అని తెచ్చేవాడి దగ్గర వద్దే వద్దు. ఎందుకో చట్టం దగ్గర చెబుతాను.

ధరలు మారుతుంటాయి కాబట్టి ఇది అంచనా మాత్రమే. మూడో గోర్డియన్ ఆంటోనినియానస్ చక్కనిది 50 డాలర్ల చుట్టుపక్కల మొదలవుతుంది. ఆంటోనినస్ పయస్, సెవెరస్ అలెగ్జాండర్ డెనారియస్‌లు 100 డాలర్ల అటూ ఇటూ. టైబీరియస్ మాత్రం బైబిల్‌లో యేసుక్రీస్తు చేతికి ఇచ్చిన నాణెం ఇదేనన్న పేరుండటంతో 300 పెట్టినా నదురుగా ఉన్నది దొరకదు. రోమన్ సేనాని మార్క్ ఆంటోనీ తన పటాలాల జీతాలకు క్రీ.పూ. 32–31లో కొట్టించిన ఓడ బొమ్మ నాణేలు మంచి బేరం. వెండి నాసిరకం కావడంతో ఎవరూ కరిగించలేదు, 200 ఏళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి. బాగా అరిగి ఉంటాయి. నాకు అరిగినవే ఇష్టం.

మొదటిసారికి నా మాట వింటే, ఆంటోనినస్ పయస్ ఒక్కటి కొనండి. ముఖం స్పష్టంగా, అక్షరాలు పూర్తిగా ఉన్నది చూడండి. ఒక మంచిది, నాలుగు చెత్తవాటి కన్నా నయం.

అమ్మేవాణ్ణి చూడటం

మంచి అమ్మకందారుకి మూడు లక్షణాలుంటాయి. నకిలీ అని ఎప్పుడు తేలినా, ఏళ్లు గడిచినా, డబ్బు వెనక్కిస్తానని రాతపూర్వకంగా చెబుతాడు. బరువు, వ్యాసం, ఆర్ఐసీ నంబరు ముందే ఇస్తాడు. ఇంతకు ముందు ఎవరి దగ్గర ఉందో అడిగితే విసుక్కోడు. ఈ మూడింట్లో ఒకటి లేకపోయినా వదిలేయండి. ఇంకో నాణెం వస్తుంది, టెన్షన్ పడకండి. డెనారియస్‌లు కోట్లలో కొట్టారు.

వేలంలో కొంటే, పాట ఆగిన ధర మీద ఇంకో 20 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే కమిషన్ పడుతుంది. దాని మీద పోస్టు ఖర్చు, మన కస్టమ్స్ సుంకం. ఇవన్నీ కలుపుకుని మీ హద్దు ఎంతో కాగితం మీద రాసుకుని కూర్చోండి. రాత్రి పదకొండింటికి ఎవరో జర్మన్ పెద్దమనిషి మీ మీద పాడుతుంటే పౌరుషం రావడం సహజం. ఆ కాగితం అప్పుడు పనికొస్తుంది.

పాత యజమానుల చరిత్రను తేలిగ్గా తీసుకోవద్దు. సీజర్ హత్యను పొగుడుతూ బ్రూటస్ కొట్టించిన బంగారు నాణెం 2020లో లండన్ వేలంలో దాదాపు 42 లక్షల డాలర్లు పలికింది. దాని వెనక చెప్పిన చరిత్ర కట్టుకథ అని తేలింది. 2023లో అమెరికా అధికారులు దాన్ని గ్రీసుకు అప్పగించేశారు. మీరు కొనేది 100 డాలర్లదే కావచ్చు, కానీ ఒక పాత వేలం కేటలాగు పేజీలో దాని ఫొటో ఉంటే, రేపు మీరు అమ్ముకునేటప్పుడు ఆ పేజీకి కూడా విలువ కడతారు.

చేతికొచ్చాక వెతకాల్సినవి

ముందు తూకం. మొదటి కొన్నేళ్లవి తప్ప, నీరోకి ముందుదైతే 3.5 నుంచి 3.9, తర్వాతదైతే 2.8 నుంచి 3.4 మధ్య ఉండాలి. మూడో శతాబ్దం వాటిలో హెచ్చుతగ్గులు ఎక్కువ. బాగా బరువైతే నా అగస్టస్ లాంటిదన్నమాట. బాగా తేలికైతే రెండు రకాలుగా అనుమానించాలి.

ఒకటి పోత నాణెం. అసలైనవి వేడి చేసిన బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టినవి. దెబ్బకి లోహం బయటికి పారుతుంది కాబట్టి అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, బిళ్ళ అంచున చిన్న చిన్న పగుళ్లు వస్తాయి. కొత్తవాళ్లు ఆ పగుళ్లు చూసి భయపడతారు. నిజానికి అవి మంచి లక్షణం. పోత పోసినదైతే అక్షరాలు అరిగిన సబ్బు మీద పేరులా మెత్తగా ఉంటాయి. భూతద్దంలో చూస్తే బుడగల గుంటలు, అంచున అతుకు గీత దొరుకుతాయి.

రెండోది ఆ కాలపు నకిలీయే. రాగి బిళ్ళకు వెండి రేకు చుట్టి ముద్ర కొట్టినది. వెండి పొర లేచిన చోట పచ్చగానో ఎర్రగానో కనిపిస్తుంది. ఇవి అసలు కావు గానీ పాతవే. వీటినే ఏరి సేకరించేవాళ్లు కూడా ఉన్నారు. అసలు ధర పెట్టి కొనకపోతే చాలు.

అన్నిటికన్నా ప్రమాదం కొత్తగా అచ్చులు చెక్కి కొట్టినవి. 19వ శతాబ్దం మొదట్లో జర్మనీలో బెకర్ అనే ఆయన ఇందులో పేరు మోశాడు. కొత్త నాణేలను ఇనుప రజనుతో కలిపి డబ్బాలో వేసి, తన గుర్రపుబండికి కట్టి ఊళ్లు తిప్పేవాడట. అరుగుదల సహజంగా వస్తుందని! ఇలాంటివి బరువులోనూ, వెండిలోనూ దొరకవు. వీటికి మందు పోల్చి చూడటమే. చేత్తో కొట్టిన రెండు నాణేలు ఒకే అచ్చువైనా బిళ్ళ ఆకారం, పగుళ్లు, ముద్ర జరిగిన తీరు ఒకేలా ఉండవు. నెట్‌లో పాత వేలాల ఫొటోలు వెతికితే మీ నాణెంలాంటిదే, అదే గుంట అదే చోట ఉన్నది, ఇంకోటి కనిపించిందంటే రెండింట్లో కనీసం ఒకటి నకిలీయే.

చట్టం

మన దేశంలో 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన నాణెం పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. పురావస్తువులతో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. కొనేటప్పుడు లైసెన్సు గురించి అడగడం మీ హక్కు, బిల్లు తప్పనిసరి. భూమిలో దొరికిన నిధి సంగతి చూసేది 1878 నాటి చట్టం. పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే. పొలంలో దొరికిందని తెచ్చేవాడి నాణేన్ని వద్దన్నది అందుకే. మీ డబ్బు పోతుంది, కేసూ పడుతుంది, పైగా ఆ నాణెం ఏ కుండలో దేని పక్కన దొరికిందో చెప్పే ఆధారం శాశ్వతంగా పోతుంది.

బయటి నుంచి తెప్పించుకునేవాళ్లు ఏ కొరియర్‌లో పంపుతారు, సుంకం ఎంత, ఏ కాగితాలు కావాలి అన్నది డబ్బు కట్టకముందే కనుక్కోండి. నాణేలు తీసుకోని కొరియర్లు చాలా ఉన్నాయి. కవరు మీద విలువ తగ్గించి రాయమని అమ్మేవాణ్ణి అడగొద్దు. అమెరికాలోనో, లండన్‌లోనో ఉంటున్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ కొన్నది సంక్రాంతికి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లకు చూపించాలని సూట్‌కేసులో పెట్టుకొస్తే, తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో చిక్కుల్లో పడతారు. ఫొటోలు చూపించండి చాలు.

కడగకండి

ఇంట్లో వెండి కుందులు నల్లబడితే విభూతితోనో, చింతపండుతోనో తోమేస్తాం. నాణేల పెట్టె అమ్మగారికో, అత్తగారికో కనిపించే ముందే ఈ సంగతి చెప్పేయండి. నల్లటి ఆ పొరే నాణెం వయసు. అది పోయి తళతళలాడితే విలువ సగం పోయినట్టే. బ్రష్షు, టూత్‌పేస్టు, కంసాలి యాసిడ్ ఏదీ వద్దు. మట్టి అంటుకుని ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డ మీద ఆరనివ్వండి.

ఎప్పుడూ అంచులు పట్టుకునే చూడండి, కింద తువ్వాలు పరుచుకోండి. శతాబ్దాలు మట్టిలో ఉన్న వెండి లోపల పెళుసుబారుతుంది. చూడ్డానికి గట్టిగా ఉన్నా, గచ్చు మీద పడితే అప్పడంలా విరిగే అవకాశం ఉంది.

దాచేటప్పుడు మెత్తటి పీవీసీ కవర్లు వాడకండి. కొన్నాళ్లకు వాటిలోంచి జిడ్డులాంటిది దిగి నాణెం పచ్చబడుతుంది. మైలార్ కవర్లు, ఆమ్లం లేని కాగితపు పొట్లాలు మంచివి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ దగ్గరికి రానివ్వకండి, వాటిలోని గంధకం వెండిని నల్లగా చేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఉన్న ఊళ్లయితే బీరువాలో సిలికా జెల్ పొట్లాలు పెట్టి, అప్పుడప్పుడూ మారుస్తుండండి.

నోటు పుస్తకం

ప్రతి నాణేనికీ ఒక పేజీ. బరువు, వ్యాసం, చక్రవర్తి, ఏడాది, ఆర్ఐసీ నంబరు, ఎవరి దగ్గర ఎప్పుడు ఎంతకు కొన్నారు, అంతకు ముందు ఎవరిది. రెండు వైపులా ఫొటోలు. పాత యజమాని చేత్తో రాసిన చీటీ వస్తే దాన్ని నాణెంతో పాటే ఉంచండి, ఎంత చిరిగినా పారేయకండి. ఇంట్లో ఇంకొకరికి ఈ పుస్తకం ఎక్కడుందో చెప్పి ఉంచండి. లేకపోతే మీ తర్వాత ఎవరో ఆ నాణేలన్నీ తీసుకెళ్లి తూకానికి వేసేస్తారు.

నా పుస్తకంలో మొదటి పేజీలో "అగస్టస్, 5.2 గ్రాములు, పోత, నకిలీ" అని ఉంటుంది. దాని పక్కన ధర కూడా రాశాను, మా ఆవిడ అడిగితే చూపించను.